నీటికోడి ఫిర్యాదు

చెరువులో నాచు తీసే పనికి కొంగ మేస్త్రీ. వంగి పనిచేస్తుంటే మేస్త్రీ వెనకనుంచి తోక లాగుతున్నాడని నీటికోడి ఒకరోజు చెరువుకు పెద్దయిన తాబేలు తాతకు ఫిర్యాదు చేసింది.

ఆ మాట పూర్తికాకముందే కప్పలు రెండు జట్లయ్యాయి.

"కొంగను తరిమేయండి!"

"నీటికోడిదే అబద్ధం!"

"తేలేదాకా ఎవరినీ ఏమీ అనకండర్రా" అంది తాబేలు. కొంగను అవతలి ఒడ్డుకు పంపింది. ముందు నీటికోడి చెప్పింది వింది, తర్వాత కొంగ చెప్పింది వింది, తోటి పనివాళ్లనూ అడిగింది. కప్పల గోలలో ఒక్కో మాటా రెండేసిసార్లు అడగాల్సి వచ్చింది.

చివరికి కొంగదే తప్పని తేలింది. మేస్త్రీ పని ఊడింది.

రెండు జట్ల కప్పలూ నీటికోడి చుట్టూ మూగాయి. "నీకోసం ఎంత అరిచామో చూశావా అక్కా!"

"చూశాను తల్లీ. తాతకు నా గొంతు వినపడనిది అందుకే" అంది నీటికోడి.