కొలనులో పెళ్ళిచూపులు

"కాళ్ళు పెట్టమ్మా, అవేం చెయ్యవు" అంది దుర్దానే.

గుల్సుమ్ మోకాళ్ళ దాకా బట్టలు మడిచి, వేడి ఊట కొలను గట్టున కూర్చుంది. స్నానాల కొట్టంలో కాబోయే కోడలిని చూసుకోవడం ఆ వైపు ఆడవాళ్ళకు తాతలనాటి అలవాటే. దుర్దానే మాత్రం చేపల కొలనుకు రమ్మంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడగడానికేముంది?

వేలెడంత చేపలవి. కొండ సందులోంచి ఉరికే వాగులో మూతితో రాళ్ళను కరుచుకుని బతుకుతాయి. ఒంటిమీద పొలుసులు లేచే జబ్బున్న మనిషి దిగితే చాలు, రాళ్ళను వదిలి ఆ మనిషిని పట్టుకుంటాయి. నున్నటి చర్మం జోలికి పోవు. డాక్టర్లు పొరబడినా చేపలు పొరబడవని అక్కడివాళ్ళ నమ్మకం. వాగుకు అడ్డంగా గోడ కట్టి ఇటు ఆడవాళ్ళకు, అటు మగవాళ్ళకు కొలనులు చేశారు.

గుల్సుమ్ గురించి ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. మండుటెండలో కూడా పొడుగు చేతుల బట్టలే వేస్తుందట. మోచేతుల మీద ఏవో మచ్చలట. ఆ మాట చెవిన పడ్డాకే దుర్దానే ఈ సంబంధం కదిపింది.

"కళ్ళారా చూసుకో వదినా, వాగే నోళ్ళు మూతపడాలి" అంది పిల్ల మేనత్త ఫిక్రియే. తల్లిలేని పిల్లను పెంచింది ఆవిడే. "అవునూ, అబ్బాయి రాలేదేం? ఫోటోలో దొరబాబులా ఉన్నాడు, సూటూ బూటూ వేసుకుని."

"వాడికి పనుంది" అంది దుర్దానే, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా.

నాలుగైదు చేపలు వచ్చాయి. గుల్సుమ్ మడమకు మూతి ఆనించి చూశాయి. దుర్దానే ఊపిరి బిగబట్టింది. చేపలు వెళ్ళిపోయాయి.

"చేతులు కూడా పెట్టమ్మా. మోచేతుల దాకా."

ఫిక్రియే మొహం ఎర్రబడింది. "ఇదేమన్నా సంతలో గొర్రెనా?"

"పోనీలే అత్తా" అంటూ గుల్సుమ్ చేతులు పైకి మడిచింది. ఉన్నాయి మచ్చలు. చిన్నప్పుడు టీ కెటిల్ మీద పడి కాలినవి. పాతబడి నున్నగా మెరుస్తున్నాయి. చేపలు వాటినీ పట్టించుకోలేదు.

"ఇంకాసేపు" అంది దుర్దానే. "అదిగో, నీళ్ళు ఉరికే చోటికి జరుగు."

అరగంట గడిచింది. ఆ పక్కనే మునిగి కూర్చున్న ముసలమ్మ వీపునిండా చేపలే.

"మాషల్లా! పిల్ల పాలరాయి! ఒక్కటీ ముట్టలేదు!" అంది ముసలమ్మ. కొలనులో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గుల్సుమ్ మొదటిసారి నవ్వింది. ఫోటో చూసిన రోజే ఆమె మనసు అటు వెళ్ళింది పాపం.

దుర్దానే తువ్వాలు తీసి ఆ పిల్ల కాళ్ళు తనే తుడిచింది. తుడిచిన కాళ్ళనే మళ్ళీ తుడిచింది.

"ఈ సంబంధం మాకు కుదరదు."

ఫిక్రియే విరుచుకుపడింది. "ఏం లోపం కనిపించింది నీకు?"

"ఏ లోపమూ లేదు."

"లేకపోతే ఎందుకొద్దు? రేపు ఊరేమంటుందో తెలుసా? ఇంతమంది చూసినా సరే, చేపలు పట్టాయి కాబట్టే వదిలేశారంటుంది. లేని జబ్బు నా బిడ్డకి అంటగట్టావు కదే! నీ కొడుకు నీ కొంగు పట్టుకునే ముసలాడైపోవాలి!"

దుర్దానే తల వంచుకుని అన్నీ పడింది. గుల్సుమ్ చేతులు మణికట్ల దాకా దించుకుని, బొత్తాలు పెట్టుకుని, అత్త వెనకాల వెళ్ళిపోయింది.

వాళ్ళు కనుమరుగయ్యాక దుర్దానే గోడ దగ్గరికి నడిచి రెండుసార్లు తట్టింది.

అవతలి కొలనులో, మెడ దాకా మునిగి, ఒంటినిండా చేపలు అతుక్కుని ఉన్న ఆమె కొడుకు ఆశగా అడిగాడు, "అమ్మా, ఆ అమ్మాయిని కూడా పట్టుకున్నాయా?"