ఉల్లిపాయ కన్నీళ్లు

భర్త రామునాయుడు పోయిన రోజున గౌరీశ్వరి టీచరు కంట నీటి చుక్క రాలేదు. అందరిలాగే ఆమె మెడ వెనక కూడా ఒంట్లోకి మందు ఎక్కించే నిబ్బరం బిళ్ల అంటించి ఉంది. బడిలో పాఠం చెప్పాలంటే అది ఉండాల్సిందే. దుఃఖం గొంతు దాకా రాకముందే అణిచేస్తుంది.

ఆ సాయంత్రమే ఆమె బిళ్ల పీకేసింది. మందు మాత్రం ఒంట్లోంచి పోలేదు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతోంది. ఉతికిన ఆయన చొక్కాలే మళ్లీ ఉతుకుతుంది, తుడిచిన గదినే మళ్లీ తుడుస్తుంది.

ఏటి వరద తగ్గి దారులు తెరిచాక ఆడపడుచు పైడితల్లి వచ్చింది. ఆమెకు బిళ్ల పడదు, దద్దుర్లు వస్తాయి. గుమ్మంలోనే వదినను వాటేసుకుని, అన్న మంచితనమంతా రాగం తీసి ఏడ్చింది. గౌరీశ్వరి ఆమె వీపు నిమురుతూ నిలబడింది.

"ఏటొదినా, రాయిలాగ నిలబడిపోనావు?"

"రావడం లేదమ్మీ. ఏం చెయ్యను?"

పైడితల్లి ముక్కు చీది, సంచి విప్పింది. "మా పెరట్లో నాటు ఉల్లిపాయలు. మీ బజారు పాయల్లాగ ఘాటు చచ్చినవి కావు. కొయ్యి, కన్నీళ్లు ఎలాగ రావో సూద్దాం."

నాలుగు ముక్కలు కోసేసరికి గౌరీశ్వరి కళ్లు మండి, చెంపలు తడిశాయి.

"వచ్చీసినాయి! ఏడువొదినా, ఏడువు!" అని పైడితల్లి సంబరపడిపోయింది.

గౌరీశ్వరి చెంప తడిమి, తడిసిన వేళ్ల వంక చూసుకుంది.

"ఇవి ఉల్లిపాయవమ్మీ. మీ అన్నవి కావు."

ముక్కలు పులుసులో వేసింది. కత్తిపీట కడిగింది. ఆరిన చొక్కాలు తెచ్చి మడతలు పెట్టింది. ఆయన కోసం ఏడవడం ఇంకా మిగిలే ఉంది.