తలుపుకు చెప్పిన మాట

ఆ మంచుదేశంలో పరాయి దేశపు టీచర్ల ఉద్యోగ అనుమతికి గడువు తీరిందంటే వీడ్కోలు అందుకునేది ఇంటి తలుపే. "వెళ్లిపోతున్నాను" అని నోటితో చెబితేనే తెరుచుకుంటుంది. ఆ తర్వాత వాళ్లకిక ఎప్పటికీ తెరుచుకోదు. దానికి అన్ని భాషలూ వచ్చు, మర్యాదే తెలియదు.

లెక్కల టీచరు వైదేహికి ఆ రోజు రానే వచ్చింది. బడిలో పిల్లలకు భిన్నాలు ఇంకా సగంలోనే ఉన్నాయి.

"ఆ ఒక్క ముక్కా అనెయ్యవే, ఫ్లైటు టైమవుతోంది," అన్నాడు భర్త శేషాచలం, పెట్టె మీద కూర్చుని జిప్పు లాగుతూ.

"గడప దగ్గర నిలబడి అంత అశుభం నేననను," అని వైదేహి తలుపు వైపు తిరిగింది. "వెళ్లొస్తానమ్మా!"

తలుపు తెరుచుకోకుండానే అడిగింది. "తిరిగి వస్తారా?"

"వస్తాననేగా చెప్పింది!"

"అయితే ఇది మళ్లీ అనుమతి కోసం కొత్త దరఖాస్తు. తేలేదాకా మీరు దేశం దాటకూడదు, ఉద్యోగం మానకూడదు."

శేషాచలం జిప్పు వదిలేశాడు. "కావాలనే అన్నావు కదూ?"

"మా అమ్మ నేర్పిన మర్యాదండీ," అంటూ వైదేహి చాక్‌పీసుల డబ్బా అందుకుంది.

"మరి అది తేలాక?"

"ఆలోగా పిల్లలకు భిన్నాలు వచ్చేస్తాయి. మీరా పెట్టె విప్పి కుక్కరు బయటికి తియ్యండి."