ఎడమ మలుపు

శనివారం సాయంత్రం నాలుగూ పదికి షెడ్డు గేటు దగ్గర కారు ఎడమకి తిరగలేదు.

అసలు తిరగకపోలేదు. ఆమె రెండు చేతులతో స్టీరింగు మీద వేలాడితే తిరిగింది. తిరిగి, అక్కడే ఉండిపోయింది.

ఆమె మెకానిక్కు. ఆ షెడ్డూ, యాభై ఎనిమిదేళ్ల ఆ కారూ తండ్రి ఆమెకు వదిలి వెళ్ళినవి.

సోమవారం పదింటికి తనిఖీ. ఇదివరకు రెండుసార్లు స్టీరింగు దగ్గరే తప్పింది. మూడోసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆపైన తుక్కే.

"అక్కా, తుక్కు కొట్టు వాడు మళ్ళీ ఫోన్ చేశాడు," అన్నాడు తమ్ముడు. "బండి నడుపుకుంటూ తెస్తారా, తోసుకుంటూ తెస్తారా అని అడుగుతున్నాడు."

"నిన్ను కూడా కలిపి తూకం వేస్తాడేమో అడుగు."

ఆమె కారు కింద దూరి గ్రీజు గన్ను అందుకుంది. ముందు చక్రాలకి గ్రీజు కొట్టడం ఆ రోజుకి అది మూడోసారి. గ్రీజు లోపలికి పోవడం లేదు. పక్కలనుంచి కారి నేల మీద పడుతోంది.

"బరువు మీద ఉంటే ఎక్కదమ్మాయ్."

గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. ఎదురుగా టీ కొట్టు దగ్గర రెండు రోజులుగా కనిపిస్తున్న మనిషే.

"ఏది ఎక్కదు?"

"గ్రీజు. బండి బరువంతా చక్రాలు తిరిగే ఆ పిన్నుల మీదే ఉందాయె. నెత్తిన బస్తా ఉన్నవాణ్ణి కూర్చుని తినమన్నట్టుంది. ముందు బస్తా దించాలి కదా. జాకీ మీద లేపు. చక్రాలు అటూ ఇటూ తిప్పుతూ కొట్టు."

ఆమె గన్ను పక్కన పెట్టి కారు కింద నుంచి బయటికి వచ్చింది.

ఆయన లోపలికి వచ్చి, తెరిచి ఉన్న బానెట్ కిందికి వంగాడు. వేలితో స్టీరింగు బాక్సు తట్టాడు.

"ఇందులో ఏం పోశావు?"

"గ్రీజు కుక్కాను. నూనె కారుతోందని."

"ముక్కు కారుతోందని ముక్కులో మైనం కూరినట్టు."

తమ్ముడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"గ్రీజు ఒకసారి గేరు పళ్ళ మధ్య నుంచి పక్కకి జరిగితే మళ్ళీ రాదు. నూనె అయితే దానంతటదే వస్తుంది. మూత విప్పి, కిరసనాయిలుతో కడిగి, గేరు నూనె పొయ్యి. కారితే సీలు మార్చు."

"నూనె పోసే ప్లగ్గే ఇప్పుడు ఊడి రావడం లేదు. తల అరిగిపోయింది."

"ప్లయరుతో తిప్పితే అరగదా మరి."

ఆయన జేబులోంచి పొట్టి పానా ఒకటి తీశాడు. పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. ప్లగ్గు మీద పెట్టి పావు చుట్టు తిప్పాడు.

ప్లగ్గు వచ్చింది.

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "ఇలాంటి బళ్ళు ఎన్ని చూశారేంటి మీరు?"

"లెక్క పెట్టలేదమ్మా. రోజుకి పదకొండు."

"మా వీధిలో గొప్పలకి కొదవ లేదు తాతగారూ. నాకు పనుంది."

"ఉండాలి," అని ఆయన సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

పానా బెంచీ మీదే ఉండిపోయింది.

ఆదివారం ఉదయం ఏడింటికి ఆమె బండిని జాకీల మీద లేపింది. తమ్ముణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది.

"తిప్పు."

"ఎటు?"

"నా బుర్ర తిప్పకుండా, ఎటైనా తిప్పు."

ఆరో పంపుకి పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చింది. దాని వెనకే కొత్తది వచ్చింది.

"తాత చెప్పినవి గొప్పలు కాదన్నమాట," అన్నాడు తమ్ముడు.

"కబుర్లు ఆపి ఆ బాక్సు మూత విప్పు."

ఆ మూత ఎవరూ విప్పినట్టు లేదు. బోల్టులు రావడానికి గంట పట్టింది. లోపలి గ్రీజు గరిటెతో తీశారు. మూతను కిరసనాయిలులో కడిగితే లోపలి వైపు ఒక గుర్తు బయటపడింది. పంచుతో కొట్టిన గుర్తు. ఒక గీత, దాని కింద మూడు చుక్కలు.

"ఏంటక్కా ఇది?"

"బిగించినవాడి గుర్తు. నాన్న చెప్పేవాడు. ఈ కారు తయారైన ఫ్యాక్టరీలో ఒక్కో ఫిట్టరుకి ఒక్కో గుర్తట. బాక్సు ఎవరు బిగిస్తే వాళ్ళు మూత లోపల కొట్టేవాళ్ళట."

"లోపల కొడితే ఎవరికి కనిపిస్తుంది?"

"విప్పినవాడికి."

సీలు మార్చారు. నూనె పోశారు. ప్లగ్గును ఆమె ముసలాయన పానాతోనే బిగించింది.

సోమవారం పదకొండుంపావుకి తనిఖీ అధికారి స్టీరింగు ఎడమకి తిప్పి చెయ్యి వదిలేశాడు. స్టీరింగు దానంతటదే వెనక్కి వచ్చింది. కుడికి తిప్పి మళ్ళీ చూశాడు. కాగితం మీద ముద్ర వేశాడు.

"ఎవరు చేశారమ్మా ఈ పని?"

"నేనే," అని, కాగితం అందుకుంటూ, "ఒక పెద్దాయన చెబితే," అంది.

షెడ్డుకు రాగానే ఆమె పానా తీసుకుని టీ కొట్టుకు వెళ్ళింది.

"బాబాయ్, ఆ ముసలాయన ఏడీ?"

"పొద్దున బస్సెక్కేశాడు. మనవరాల్ని కాలేజీలో చేర్పించడానికి వచ్చాట్ట. తొమ్మిదింపావు బస్సు వస్తే వదిలేశాడు కూడా. మీ కారు బయటికొచ్చి ఆ మూల ఎడమకి తిరిగేదాకా ఇక్కడే నిలబడ్డాడు. మలుపులో నువ్వు స్టీరింగు వదిలేశావట కదా, అది చెప్పి నవ్వుకున్నాడు."

"పేరేంటి? ఏ ఊరు?"

"టీ తాగేవాణ్ణి ఊరడుగుతామా? మనవరాలు ఇక్కడే కదా చదివేది. సెలవులకి తీసుకెళ్ళడానికి రాక తప్పుతుందా. అప్పుడడుగు."

ఆమె పానాను చేతిలో తిప్పి చూసింది. కిరసనాయిలు తగిలి పిడి మీద టేపు అంచు లేచి ఉంది. పట్టుకుని లాగింది.

టేపు కింద ఇనుము మీద ఒక గీత, దాని కింద మూడు చుక్కలు ఉన్నాయి.