అది బురద కాదు

“ముందు ఆ ఫోటో కిందికి దించు. తర్వాత మాట్లాడదాం!”

ఆ గొంతుకి హాలంతా అటు తిరిగింది. గుమ్మంలో నిలబడి ఉంది, ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. వయసు యాభై దాటినా కేక మాత్రం మూడో అంతస్తు నిచ్చెన మీద ఉన్నవాడికి వినపడే కేక.

ఫోటోల ప్రదర్శన మొదలై గంట కూడా కాలేదు. గోడల నిండా మనుషుల ముఖాలు, అన్నీ నలుపు తెలుపే. గుమ్మానికి ఎదురుగా, అన్నిటికన్నా పెద్ద ఫోటో ఆమెది. చెంప మీద మరకలు, మోచేతుల దాకా మరకలు, కంట్లో నీరు. కింద పెద్ద అక్షరాలతో పేరు: ‘ఆకలి’.

ఫోటోగ్రాఫర్ చిరునవ్వు నవ్వాడు. అలా నవ్వేవాళ్లకి ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు.

“అమ్మా, మీరు సంతోషించాలి. ఈ ఫోటోకి బహుమతి వచ్చింది.”

“నాకు పాత బట్టలొచ్చాయి.”

“ఏమిటీ?”

“పేపర్లో ఈ ఫోటో చూసి నిన్న ఒకావిడ ఇంటికి పిలిచింది. రెండంతస్తుల ఇల్లు, రంగులు వేయించాలని నెల కిందటే నాతో మాట్లాడుకుంది. తీరా వెళ్తే పని మాటే ఎత్తదే! ‘ఇంత కష్టంలో ఉన్నావని తెలీదమ్మా’ అంటూ సంచీ నిండా పాత బట్టలు చేతిలో పెట్టింది. పనేమో వేరేవాళ్లకి ఇచ్చేసిందట. నీరసంతో నిచ్చెన మీంచి పడిపోతానని భయమట! నా కింద ఎనిమిది మంది పనిచేస్తారు బాబూ. ఈ ఫోటో ఇక్కడ వారం రోజులు వేలాడితే మాకు ఒక్క గోడ దొరకదు.”

“అయ్యో, అలా జరిగిందా?”

“జరిగింది. ఆరోజు ఫోటో తీసుకుంటానంటే సరేనన్నాను. తీశాక నువ్వే కెమెరాలో చూపించావు. ఎంచక్కా రంగులతో ఉంది. ఆ రంగులేమయ్యాయి?”

“తీసేశానమ్మా. రంగు కంటిని మోసం చేస్తుంది. నలుపు తెలుపులోనే మనిషి లోపల ఉన్నది పైకొస్తుంది. మీ ముఖంలోని ఆ బాధ, ఒంటి మీద ఆ బురద...”

“బురదా!” మేస్త్రీ అగ్గి మీద గుగ్గిలమైంది. ఫోటో దగ్గరికి వెళ్లి చెంప మీద వేలు పెట్టింది. “ఇది లేత గులాబీ. ఆరోజు చంటిబిడ్డ గదికి వేస్తున్నాం, మూడుసార్లు కలిపితే గానీ కుదరలేదు. మోచేతి మీది ఈ ఆకుపచ్చ వీధి తలుపుది. మెడ మీద పసుపు వంటింటిది. బురదట, బురద!”

“మరి ఆ కన్నీళ్లు?” అడిగింది చూడ్డానికి వచ్చిన ఓ కళ్లద్దాలావిడ.

“రంగు పలచన చేసే టర్పెంటైన్ ఘాటండీ. మూత తీసి ముక్కు కింద పెడితే మీకూ వస్తాయి.”

“ఆకలి సంగతి?”

“అప్పుడే కడుపునిండా తిని, వంగలేక నిలబడి ఉన్నాను. నా త్రేన్పులకి మావాళ్లు ఒకటే నవ్వులు.”

ఈసారి హాలంతా నవ్వింది. లేత గులాబీని బురద చేసి, టర్పెంటైన్ ఘాటుని కన్నీరు చేసి, తిన్న మనిషిని పస్తు పెట్టి బహుమతి కొట్టేశాడు. ఆ మనిషే వచ్చి ఎదురుగా నిలబడితే ఎవరికైనా సిగ్గేస్తుంది. ఇతనికి కోపం వచ్చింది.

“చూడండి, ఇది కళ. మీకు అర్థం కాదు.”

“కాకపోతే పోనీ. రంగులతో పెట్టు. లేదంటే ఆ పేరైనా మార్చు. ‘రంగుల మేస్త్రీ’ అని రాయి చాలు, నేనే పదిమందిని వెంటబెట్టుకొచ్చి చూపిస్తాను.”

“రంగులతో పెడితే పెళ్లి ఆల్బమ్‌లో ఫోటోలా ఉంటుంది. పేరు మారిస్తే మీ పనికి ప్రకటనలా ఉంటుంది. కుదరదు.”

“ముఖం నాది కదయ్యా!”

“ముఖం ఎవరిదైతే ఏమిటి? ఫోటో మాత్రం తీసినవాడిది! రంగు ఉంచాలా తీసేయాలా, ఏ పేరు పెట్టాలి, అంతా నా ఇష్టం!”

“అంతేనా?”

“అంతే!”

ఆ ‘అంతే’ అనడంలో అతని కళ్లు ఉరిమాయి, నోరు ఒక పక్కకి పోయింది. మేస్త్రీ ఫోన్ పైకెత్తి టక్కున నొక్కింది. “ఏం చేస్తున్నారు?” అని అతను అడిగేలోపే ఆమె బొటనవేలు తెర మీద నాలుగుసార్లు అటూ ఇటూ కదిలింది. పని తెలిసిన చెయ్యి, ఏదైనా ఇట్టే పట్టేస్తుంది.

ముందుగా కళ్లద్దాలావిడకి చూపించింది. ఆవిడ ఫోన్లోకి చూసి, అతని వంక చూసి, తన చేతిసంచి గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

ఫోటోగ్రాఫర్ ఆత్రంగా తొంగి చూశాడు. అతని నీలం పట్టు చొక్కా నల్లగా మాసిపోయి ఉంది. రెండు రోజుల గడ్డం ముఖానికి మసి పూసినట్టుంది. చంకలోని కెమెరా సంచి ఎవరింట్లోంచో ఎత్తుకొస్తున్న మూటలా ఉంది. కింద పెద్ద అక్షరాలతో పేరు: ‘దొంగ’.

“ఊళ్లో ఇళ్లవాళ్లంతా ఉన్న గ్రూపు ఒకటుంది బాబూ,” అంది మేస్త్రీ, వేలు తెర మీదే ఉంచి. “అందులో పెడుతున్నాను.”

నలుపు తెలుపు తప్ప మరో లోకం లేదన్న ఫోటోగ్రాఫర్, అంతమంది చూస్తుండగా రెండు చేతులూ జోడించాడు.

“మీకు పుణ్యముంటుంది తల్లీ, కనీసం కలర్‌లో పెట్టండి!”