జర్మనీ దొర వేషం

రిపబ్లిక్ డేకి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో విచిత్ర వేషాల పోటీ అని తెలియగానే త్రినాథరావు ఈసారి అర్జునుడు వద్దనుకున్నాడు. కిందటేడు అర్జునుడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. విల్లు విరిగినప్పుడు మాత్రం కొట్టారు.

ఈసారి జర్మనీ సైనికాధికారి. లైబ్రరీలో ఒక పాత పత్రికలో బొమ్మ చూశాడు. ఆ నిలువు, ఆ టోపీ, ఆ నిగనిగలాడే బూట్లు. బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఇరవై ఏళ్ళుగా హాజరుపట్టీ రాస్తున్న గుమాస్తాకి అలాంటి నిలువు మీద మోజు పుట్టడంలో వింతేమీ లేదు. ఆ బూట్లు ఎవరిని తొక్కాయన్నది తర్వాతి పేజీలో ఉంది. త్రినాథరావు పేజీ తిప్పలేదు.

పెళ్ళినాటి నల్లకోటు పెట్టెలోంచి తీశాడు. గుండీ పెడితే ఊపిరాడలేదు. అయినా పెట్టాడు. తెలిసిన గార్డు దగ్గర టోపీ అరువు తెచ్చాడు. భార్య కనకమహాలక్ష్మి చేతికి కట్టుకునే ఎర్రగుడ్డ పట్టీ మీద స్వస్తిక్ కుట్టి, అలవాటుకొద్దీ లోపల నాలుగు చుక్కలు కూడా కుట్టింది.

“ఇదేమన్నా శుభకార్యమా? చుక్కలెందుకు?”

“లేకపోతే బోసిగా ఉంటాదండీ.”

ఆ పట్టీ నలిగిపోకుండా, స్టేజీ ఎక్కాక కట్టుకుందామని జేబులో పెట్టుకున్నాడు.

క్వార్టర్ నుంచి స్టేషన్ వంతెన మీదుగా నడిచాడు. ఎదురొచ్చిన వాళ్ళు పక్కకి తప్పుకున్నారు. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు సంచులు చంకన పెట్టుకుని గబగబా దిగిపోయారు. వేషం పండిందనుకుని త్రినాథరావు ఛాతీ మరో అంగుళం పెంచాడు. గుండీ ఊడిపోయింది.

వేషగాళ్ళు హాలు వెనక తలుపులోంచి వచ్చి జనం మధ్యగా స్టేజీకి నడవాలి. త్రినాథరావు తలుపు దగ్గర నిలబడేసరికి ఆఖరి బెంచీలో కూర్చున్న సన్యాసిరావు తాత తల తిప్పి చూశాడు. చూసి, మొహం పాలిపోయి, లేచాడు. గోడ పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మైకులో “జర్మనీ సైనికాధికారి” అన్నారు. త్రినాథరావు స్టేజీ ఎక్కి, పట్టీ కట్టుకుని, చెయ్యి ముందుకి చాచి సెల్యూట్ కొట్టాడు. ఒక్క చప్పట్టు లేదు. జనమంతా ఇంకా ఊగుతున్న పక్క తలుపు వైపు చూస్తున్నారు.

“మీకు తెలీదా?” అన్నాడు సెక్రటరీ జానకిరామ్ వరండాలో. “ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. ఆఫ్రికా ఎడారిలో పట్టుబడి రెండేళ్ళు జర్మనీలో ఖైదులో ఉన్నాడు. పక్క మంచం మీది శ్రీకాకుళం మనిషి చలికి కొయ్యబారిపోతే ఈయనే మోశాడంట.”

త్రినాథరావుకి తెలిసిన సన్యాసిరావు, ఫిట్టర్ పైడిరాజు తండ్రి. మిరపమొక్కలకి బూడిద చల్లమని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పే ముసలాయన. అంతే.

మర్నాటికి కాలనీ రెండుగా చీలింది.

“వేషం వేషమే. రావణుడి వేషం కట్టడం లేదా?” అన్నారు కొందరు.

“రావణుడి జైల్లో పడ్డవాడు మన కాలనీలో ఎవడూ లేడు బాబూ,” అన్నారు మిగతావాళ్ళు.

ఇలాంటి వేషాలు ఇన్‌స్టిట్యూట్‌లో ఇక కట్టనివ్వకూడదని, త్రినాథరావు క్షమాపణ చెప్పాలని నలభై సంతకాలతో అర్జీ వచ్చింది. ఏడో సంతకం కనకమహాలక్ష్మిది.

“చుక్కలు కుట్టింది నువ్వే కదే,” అన్నాడు త్రినాథరావు.

“అందుకే పెట్టాను,” అందావిడ.

ఈ గొడవ ముసలాయన చెవిన వెయ్యకూడదని, పాతవి గుర్తుచేసి బాధపెట్టకూడదని మాత్రం రెండు పక్షాలూ ఒట్టు పెట్టుకున్నాయి.

త్రినాథరావు లైబ్రరీకి వెళ్ళి ఆ పత్రిక మళ్ళీ తీశాడు. ఈసారి పేజీ తిప్పాడు. ఒక గుట్ట బొమ్మ ఉంది. బొగ్గు గుట్ట అనుకున్నాడు మొదట. చెప్పులు. జర్మనీ వాళ్ళు చంపినవాళ్ళవి, చాలావరకు పిల్లలవి. బూట్ల నిగనిగ చూసి మురిసిపోయిన తన మొహాన్ని తలుచుకుంటే అతనికే రోత పుట్టింది. ఇంటికొచ్చి పట్టీ మీది దారం ఒక్కొక్క పోగే తనే ఊడదీశాడు. చుక్కల దారం కూడా.

ఆదివారం పొద్దున్న, రాత్రంతా వల్లెవేసిన క్షమాపణతో పైడిరాజు ఇంటికి వెళ్ళాడు.

“అయ్య నాలుగు రోజులై గుమ్మం దాటలేదు బాబూ,” అన్నాడు పైడిరాజు గొంతు తగ్గించి. “ఏటని అడిగితే సెప్పడు. ఎవరైనా తలుపు కొడితే దుప్పటి లాక్కుంటాడు.”

త్రినాథరావు వల్లెవేసిందంతా గుమ్మంలోనే మర్చిపోయాడు. లోపలికి వెళ్ళి నులకమంచం పక్కన కూలబడి ముసలాయన కాళ్ళు పట్టుకున్నాడు.

“తాతా, ఆవేళ హాల్లో ఆ కోటు తొడుక్కుని వచ్చింది నేనే. మీరేం పడ్డారో తెలీక చేశాను. మొహం చూపించడానికే సిగ్గుగా ఉంది. తిట్టండి, కొట్టండి, క్షమించండి.”

దుప్పటి మెల్లిగా కిందికి జారింది. సన్యాసిరావు మోచేతి మీద లేచి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు.

“ఆ నల్లకోటు నువ్వా బాబూ?”

“నేనే తాతా.”

ముసలాయన గుమ్మం వైపు చూసి, కొడుకు వినడం లేదని నిశ్చయం చేసుకుని, త్రినాథరావు చెవి దగ్గరికి వంగాడు.

“బతికించీసినావు బాబూ, ఆ పొద్దున్న ఉస్లాపూర్ నుంచి టిక్కెట్టు లేకండా వచ్చీసినాను, టీసీ నన్ను ఎతుక్కుంటూ హాలు దాకా వచ్చీసినాడనుకున్నాను.”