పన్నునొప్పి బస్సు

సరిహద్దు ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉందనగా అనెస్టిస్ మరోసారి నడుము తడుముకున్నాడు.

చొక్కా కింద, నడుము నొప్పికి కట్టుకునే వెడల్పాటి బెల్టులో నలభై రెండు వేల యూరోలు ఉన్నాయి. ఇరవై రెండేళ్ల సంపాదన. నోట్లు చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోతున్నాయి.

అది రెండు వేల పదిహేను, జూన్ నెల. గ్రీసు పీకల్లోతు అప్పుల్లో ఉంది. అప్పిచ్చినవాళ్లతో ఏథెన్స్ పెద్దల బేరం ఎంతకీ తెగడం లేదు. రేపో మాపో బ్యాంకులు మూసేస్తారట. యూరో పోయి మళ్లీ పాత ద్రాక్మా వస్తుందట. తెల్లారేసరికి దాచుకున్నదాని విలువ సగమైపోతుందట. ఊరూరా ఇవే మాటలు.

సరిహద్దు దాటి బల్గేరియా బ్యాంకులో వేసుకుంటే గండం గడిచినట్టే. కానీ పదివేలు మించితే కస్టమ్స్‌వాళ్ల దగ్గర పేరు రాయించాలి. కాగితాలు చూపాలి.

అనెస్టిస్ పేరు మాత్రం ఏ కాగితం మీదా పడకూడదు.

తన ఊరు కవాలా నుంచి సెర్రెస్ దాకా కారులో వచ్చాడు. కారు అక్కడ వదిలేసి బస్సెక్కాడు. టోపీ కళ్ల మీదికి లాక్కుని, ఎక్కిన ప్రతి మనిషినీ దొంగచూపులు చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. అయినా టోపీ తియ్యలేదు.

"పన్నేనా?" అంది పక్క సీటావిడ.

ఉలిక్కిపడ్డాడు. "ఏమిటండీ?"

"పన్ను పీకించుకోడానికేనా అని. అక్కడ డాక్టర్లు చవక కదా. ఈ బస్సులో అందరం అందుకే పోతున్నాం." ఆవిడ కన్నుగీటింది.

పేరు పొలిక్సేనీ. సెర్రెస్‌లో బట్టలు కుడుతుంది. అరవై దాటి ఉంటాయి. గొంతు తగ్గించి తనే చెప్పింది. "లోపలి లంగాకి కుట్టేశాను. పద్దెనిమిది వేలు. మా ఆయన పోయాక కొట్టు అమ్మితే వచ్చింది. నడుస్తుంటే గరగరలాడుతోంది, చచ్చిపోతున్నాననుకో."

అనెస్టిస్ నవ్వబోయాడు. పెదాలు కదల్లేదు.

"మా బ్యాంకు మేనేజరు ఒకటే చెప్పడం, ఏం భయం లేదమ్మా, ఏం భయం లేదమ్మా అని. నేను వాడి మాట వినలేదు, కళ్లు చూశాను. ఆ పూటే మొత్తం తీసేశాను."

"ఏముంది కళ్లల్లో?"

"ఏముందా? ఇప్పుడు నీ కళ్లల్లో ఉన్నదే!" పొలిక్సేనీ సంచిలోంచి నీళ్ల సీసా తీసిచ్చింది. "తాగు తమ్ముడూ. మొహం తుడుచుకో. నిన్ను చూస్తే పసిపిల్లాడు కూడా పట్టేస్తాడు."

బస్సు ఆగింది.

కస్టమ్స్ అధికారి ఎక్కాడు. పడుచువాడు, చిరాకు మొహం. ముందు సీటు నుంచి మొదలుపెట్టాడు.

"ఎక్కడికి?"

"పళ్ల డాక్టరు దగ్గరికి."

"మీరు?"

"పళ్లు."

"మీరు?"

"దవడ పన్ను, బాబూ."

"బస్సు మొత్తానికి ఒకేసారి నొప్పెట్టిందా?"

మూడో సీట్లో మనిషిని లేపాడు. చొక్కా ఎత్తమన్నాడు. ప్లాస్టర్లతో అంటించిన నోట్ల కట్టలు బయటపడ్డాయి. "కిందికి దిగండి. పేరు చెప్పండి." ఆయన రెండు చేతులూ జోడించాడు. బతిమాలాడు. చివరికి ఏడ్చుకుంటూ దిగాడు.

అనెస్టిస్‌కి చెవుల్లో హోరు. కళ్ల ముందు నల్లటి చుక్కలు. బెల్టు బిగుసుకుని ఊపిరాడకుండా చేస్తోంది.

బూట్లు అతని పక్కన ఆగాయి.

"ఏమిటా చెమటలు? లేవండి."

లేవబోయాడు. సగంలోనే మళ్లీ సీట్లో కూలబడ్డాడు.

"వాడు నా తమ్ముడు నాయనా," అంది పొలిక్సేనీ, బస్సంతా వినపడేలా. "కిడ్నీలో రాళ్లు. పొద్దుట్నించీ మూడుసార్లు కక్కాడు. లేపుతానంటే లేపు. నీ బట్టలు ఎవరు ఉతుకుతారో అది కూడా చూసుకో."

అనెస్టిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది నటన కాదు.

అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ వంక కోపంగా చూశాడు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"పోనివ్వు," అన్నాడు డ్రైవరుతో.

గంట తరవాత సరిహద్దు అవతల సాందాన్‌స్కీలో, బ్యాంకు కౌంటరు ముందు ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. పొలిక్సేనీ ముందే చాటుకు పోయి లంగా కుట్లు విప్పుకుని వచ్చింది. అనెస్టిస్ తడి నోట్లు కౌంటరు మీద పెట్టాడు. రసీదు చేతికొచ్చాక కానీ అతని ఊపిరి కుదుటపడలేదు.

బయటికొచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "అక్కా, మీ రుణం ఎలా తీర్చుకోను? వాడు మిమ్మల్ని వెతికుంటే ఏమయ్యేది?"

"అయితే అయ్యేది. నువ్వు చచ్చేలా ఉంటే చూస్తూ కూచోనా?" ఆవిడ అతని చెంప తట్టింది. "ఒక్క పని చెయ్యి తమ్ముడూ. మీ ఊళ్లో ముసలివాళ్లుంటారు, ఏమీ తెలియనివాళ్లు. టీవీలో చెప్పేదే నమ్మి కూచుంటారు. డబ్బు తీసేసుకోమని వాళ్ల చెవిన ఒక మాట వెయ్యి."

"వేస్తానక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి, కవాలాలో తన బ్యాంకు తలుపులు స్వయంగా తెరిచి, ఉన్నదంతా తీసుకుపోదామని అందరికంటే ముందొచ్చి నిలబడ్డ ముసలాయన భుజం మీద చెయ్యేసి, మేనేజరు అనెస్టిస్ నవ్వుతూ అన్నాడు: "నా డబ్బు కూడా ఇక్కడే ఉంది కదా బాబాయ్, నేనేమైనా భయపడుతున్నానా?"